వెనక చక్రం మొర వినండి!

కొత్త కారు కొన్న రోజున నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెడతాం. ఆ తర్వాత వెనక చక్రాలు గుర్తొచ్చేది పంక్చరైనప్పుడే! ఏసీ చల్లగా రాకపోతే ఆ పూటే మెకానిక్ దగ్గరికి పరిగెడతాం. వెనక సస్పెన్షన్ అలా ఒక్కరోజులో మొరాయించదు. కొంచెం కొంచెంగా అరుగుతుంది. మనమూ కొంచెం కొంచెంగా అలవాటు పడిపోతాం. చిక్కంతా అక్కడే.

అంబాసిడర్ రోజుల్లో వెనక కమాన్ కట్టలుండేవి. స్విఫ్ట్ లాంటి చిన్నకార్లు చాలావాటిలో ఇప్పుడున్నది 'టార్షన్ బీమ్'. అంటే రెండు వెనక చక్రాలనూ కలిపే ఉక్కు దూలం. రెండు పెద్ద రబ్బరు బుష్‌లతో అది బాడీకి బిగించి ఉంటుంది. బరువు మోసేవి స్ప్రింగులు. షాక్ అబ్జార్బర్లు మోస్తాయనుకుంటాం కానీ, వాటి పని స్ప్రింగుల ఊగిసలాటకు కళ్లెం వేయడం.

ఆ కళ్లెం వదులైతే? స్పీడ్ బ్రేకర్ దాటాక కారు వెనక భాగం రెండు మూడుసార్లు ఊగుతుంది. షాక్ ఒంటి మీద నూనె చెమ్మ కనిపిస్తుంది. టైరు మీద చెయ్యి పెట్టి నిమిరితే ఎత్తుపల్లాలు తగులుతాయి. గుంతలో పడ్డప్పుడు వెనక నుంచి 'టక్‌టక్' మంటే బుష్‌ల మీద అనుమానపడాలి. ఇంటిల్లిపాదీ ఎక్కి, డిక్కీ నిండా సామాను వేసుకుని శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు వానపడిందనుకోండి... మలుపులో చక్రం క్షణంసేపు రోడ్డును వదిలినా ప్రమాదమే. అరిగిన షాకులతో బ్రేకు వేసినా కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది.

సరే, మార్పించాం. వెంటనే అలైన్‌మెంట్ చేయించాలా? 'చేయించాల్సిందే' అంటారు చాలా షాపుల్లో. నిజానికి టార్షన్ బీమ్ కారుకు వెనక షాకులో, స్ప్రింగులో మాత్రమే మారిస్తే మామూలుగా అక్కర్లేదు. చక్రం కోణాన్ని పట్టి ఉంచేది అవి కాదు కదా! దూలం బుష్‌లు మార్చినా, దూలాన్నే దించి ఎక్కించినా మాత్రం కొలిపించాలి. వెనక చక్రాలు విడివిడిగా కదిలే ఖరీదైన కార్ల లెక్క వేరు. వాటిలో ఆర్మ్, లింకు, స్ప్రింగు... ఏది మార్చినా అలైన్‌మెంట్ తప్పదు. ముందు చక్రాల స్ట్రట్‌లకూ అంతే.

'ఆ కాస్త వంకరకేమవుతుందిలే' అనుకోకండి. చక్రం అర డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కిలోమీటరుకు దాదాపు 9 మీటర్లు పక్కకు రాసుకున్నట్టే. 10 వేల కిలోమీటర్లకు ఆ లెక్క 87 కిలోమీటర్లు! కొత్త టైరు ఒక అంచున నున్నగా అయిపోవడంలో వింతేముంది?

అలైన్‌మెంట్ కొలిచేటప్పుడు ముందు చూడాల్సింది వెనక చక్రాల్నే. కారు నడకకు దిక్కు వాటిదే. అవి పక్కకు చూస్తుంటే, తిన్నగా వెళ్లడానికి స్టీరింగ్‌ను ఓ పక్కకు తిప్పి పట్టుకోవాల్సి రావచ్చు. అయితే టార్షన్ బీమ్‌లో వెనక కోణాలు సరిచేసే బోల్టులు సాధారణంగా ఉండవు. కొలత బాగా తప్పిందంటే దూలం వంగిందనో, బుష్ పోయిందనో అర్థం. దూలాన్ని వేడిచేసి, సుత్తితో కొట్టి 'సెట్ చేస్తాం' అంటే మాత్రం ఒప్పుకోవద్దు.

బిగింపులోనూ ఓ మెలకువ ఉంది. కారు జాకీ మీద గాల్లో ఉండగానే బుష్ బోల్టుల్ని పూర్తిగా బిగించేస్తారు కొందరు. కారు దించగానే లోపలి రబ్బరు మెలి తిరిగి, అలాగే ఉండిపోతుంది. కొత్త బుష్ నెలల్లోనే చిరిగేది అందుకే. చివరి బిగింపు చక్రాల మీద కారు బరువు పడ్డాకే. ఈ మాట మెకానిక్‌కు ముందే చెప్పండి, ఏమనుకున్నా ఫర్వాలేదు. షాకులు మార్చేటప్పుడు రెండువైపులా ఒకేసారి మార్పించండి.

స్టీరింగ్ వణుకుతోందా? అది చాలాసార్లు బ్యాలెన్సింగ్ సమస్య, అలైన్‌మెంట్‌ది కాదు. ఇక అలైన్‌మెంట్‌కు డబ్బులు కట్టేముందు మిషన్ ఇచ్చే కాగితం అడగండి. 'ముందు', 'తర్వాత' అంకెలు అందులో పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండూ ఒకటే అయితే, దేనికి డబ్బు తీసుకున్నారో అక్కడే అడగొచ్చు.