సికిల్ సెల్ రోగుల నర్సింగ్ సంరక్షణ: బాధను తెలిపే మాట

సికిల్ సెల్ వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధి. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరవ స్థానాన ఉండవలసిన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరడం దీనికి మూలం. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రకణాలు కొడవలిలా వంగి, గట్టిపడి, సన్నని రక్తనాళాలను అడ్డగిస్తాయి. తెలుగు రాష్ట్రాలలో ఇది ప్రధానంగా ఆదిలాబాదు, భద్రాచలం, పాడేరు ప్రాంతాల ఆదివాసులలో కనిపిస్తుంది. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని సంకల్పించింది. పరీక్ష ఒక్కరోజు పని. సంరక్షణ జీవితకాలపు పని. అందులో మాట పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఈ వ్యాధిలో వచ్చే తీవ్రమైన నొప్పికి తరచుగా పైకి కనిపించే గుర్తేదీ ఉండదు. నాడి, రక్తపోటు మామూలుగానే ఉండవచ్చు. కాబట్టి రోగి మాటే కొలమానం. చింతమడక మొదలుకొని తెలంగాణ పల్లెల వాడుకలో 'గుంజుతున్నది', 'సలుపుతున్నది', 'పోటు పెడుతున్నది' అనేవి వేర్వేరు అనుభవాలు. వీటన్నింటినీ కేస్‌షీటులో 'ఒళ్లునొప్పులు' అని రాస్తే ఎముకను పిండే బాధ కాస్తా జ్వరపు నలతగా మారిపోతుంది. గోండీ, కొలామీ మాతృభాషగా గలవారికి తెలుగు రెండవ భాష. వారి మౌనాన్ని ఉపశమనంగా భావించరాదు.

అమెరికన్ హెమటాలజీ సొసైటీ 2020 మార్గదర్శకాల ప్రకారం రోగి ఆసుపత్రికి చేరిన గంటలోపు నొప్పిమందు అందాలి. ఆపై 30–60 నిమిషాలకొకసారి బాధను మళ్లీ అంచనా వేయాలి. 'నిజంగానే అంత నొప్పా?' అన్న సందేహం ఆ గంటను మింగేస్తుంది. తగినంత నీరు, వెచ్చదనం అవసరం; నొప్పి ఉన్నచోట మంచు పెట్టడం మాత్రం హానికరం. ప్లీహం దెబ్బతిన్న పిల్లలకు జ్వరం అత్యవసర స్థితి. పొట్ట ఎడమవైపు తడిమి ప్లీహపు వాపును గుర్తించడం నర్సు తల్లికి నేర్పవచ్చు. పుస్తకంలో 'ప్లీహం' అన్నది ఇంట్లో 'బల్ల' అంటేనే అర్థమవుతుంది.

వంశపారంపర్యాన్ని వివరించేటప్పుడు కూడా మాట తడబడుతుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. దీనినే 'నలుగురిలో ఒకరికి' అని చెబితే, మొదటి బిడ్డకు వచ్చింది గనుక మిగిలిన ముగ్గురికీ భయం లేదని కుటుంబం భావించే ప్రమాదముంది. వాహకత్వం వ్యాధి కాదు. సాధారణంగా దానికి చికిత్స అక్కరలేదు. ఆ తేడాను ఇంటివారికి విడమరచి చెప్పకపోతే, ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి పెళ్లిసంబంధాల వేళ రోగిగా లెక్కకు వస్తుంది.