బిగిసిన పియానో సుత్తికి నీటి మందు

వానకాలములో తలుపులు బిగిసిపోవుట అందరెరిగినదే. చెక్క తేమను పీల్చి ఉబ్బుటయే దానికి కారణము. పియానోకు కూడ ఇట్టి బాధయే కలుగును. మెట్టును నొక్కినపుడు లోపలి సుత్తి బద్ధకముగా లేచి, తీగను తాకి, తిరిగి రాక నడుమనే నిలిచిపోవును. రెండవసారి నొక్కినచో స్వరము పలుకదు. చిత్రమేమనగా, ఈ జబ్బుకు పనివారు వేయు మందులో తరచుగా సగము నీరే! తేమ తెచ్చిన బిగువును నీరు ఎట్లు వదలించును?

క్రీ. శ. 1700 ప్రాంతమున ఇటలీలోని ఫ్లోరెన్సు నగరములో బార్తలోమియో క్రిస్తోఫోరి అను వాద్య నిర్మాత మొదటి పియానోను చేసెను. నేటి పియానోలో సాధారణముగా 88 మెట్లు ఉండును. మెట్టు సుమారు 10 మిల్లీమీటర్లు దిగగా, సుత్తి అంతకు నాలుగైదు రెట్ల దూరము ఎగిరి తీగను కొట్టి, తక్షణమే వెనుకకు రావలెను. ఈ సుత్తి ఒక సన్నని లోహపు ఇరుసుపై తిరుగును. ఆ ఇరుసు మందము సుమారు 1.3 మిల్లీమీటర్లు మాత్రమే. లోహము చెక్కకు ఒరసి చప్పుడు చేయకుండుటకై రంధ్రములో ఉన్నిగుడ్డతో బుష్ అమర్చుదురు. గుడ్డ బిగువైనచో సుత్తి కదలదు. వదులైనచో పక్కలకు ఊగి టకటకలాడును.

ఉన్ని కెరటిన్ అను ప్రోటీనుతో ఏర్పడినది. అది తన బరువులో మూడవవంతు వరకు తేమను పీల్చుకొనగలదు. నీటి అణువులు కెరటిన్ గొలుసుల నడుమ దూరి వానిని ఎడము చేయును. అందుచే బాగుగా తడిసిన ఉన్నిపోగు పొడవు అంతగా పెరుగదు గాని, మందము నూటికి 16 పాళ్లు పెరుగును. చుట్టునున్న చెక్క వెలుపలికి పోనీయదు గనుక, గుడ్డ లోపలికే ఉబ్బి ఇరుసును పట్టుకొనును.

గాలిలోని తేమ గుడ్డను బిగించును గాని పూర్తిగా మెత్తబరచదు. గుడ్డను పూర్తిగా తడిపినచో సంగతి వేరు. నీరు కెరటిన్ గొలుసుల మధ్యగల హైడ్రోజన్ బంధములను తెంచును. అపుడు మెత్తబడిన గుడ్డ చెక్కకును ఇరుసుకును నడుమ నలిగి అణగిపోవును. ఆరునపుడు అణగిన రూపములోనే కొత్త బంధములు ఏర్పడును. పోగులు సన్నబడగా ఇరుసు చుట్టు కొంచెము చోటు మిగులును. చాకలి నీరు చిలకరించి ఇస్త్రీ చేయగా బట్ట మడత నిలుచుట ఇట్టిదే.

అట్లయిన ఆల్కహాలు ఎందులకు? ఉన్నిపోగుపై పలుచని కొవ్వు పొర ఉండుటచే వట్టి నీరు దానిపై ముత్యమువలె నిలుచును. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు కాగా, ఇథైల్ ఆల్కహాలుకు 22 మాత్రమే. రెండును కలిపినపుడు తలతన్యత తగ్గి, ద్రవము గుడ్డలోనికి చొచ్చుకొనిపోవును. త్వరగా ఆరును కూడ. కొందరు సగము సగము కలుపుదురు. కొందరు నీటిని నాలుగవవంతుకు తగ్గింతురు. నీరు హెచ్చినకొలది గుడ్డ హెచ్చుగా అణగును.

బుష్‌కు ఇరువైపుల ఒక్కొక్క చుక్క వేసి, సుత్తిని పలుమార్లు ఆడించి, ఒకనాడైన ఆరనీయవలెను. తడిగా ఉన్నంతసేపు బిగువు తగ్గదు సరిగదా, పెరుగును. అది చూచి తొందరపడి మరల మరల వేసినచో, ఆరిన పిదప ఇరుసు వదులైపోవును. ఆరిన తరువాత సుత్తిని వేలాడదీసి ఊపి చూతురు. అది ఐదారు ఊపులలో నిలిచినచో సరిపోయినట్లే.

ఆల్కహాలు ఇట్టే అంటుకొనును గనుక నిప్పు దగ్గర ఉండరాదు. అది లక్కపూతను కరగించును. నీరు చర్మపు జిగురును వదలించును. కావున చుక్క పక్కకు జారరాదు. నూనె అసలే వేయరాదు; అది గుడ్డలో నిలిచి దుమ్మును పట్టి, మొదటి జబ్బును ముదిరించును. ఇరుసుకు పచ్చని చిలుము పట్టినచో ఈ మందు పనిచేయదు.

ఈ చికిత్స శాశ్వతము కాదు. గుడ్డ మరల బాగుగా తడిసినచో పాత బిగువు తిరిగి రావచ్చును. అపుడు రంధ్రమును సన్నని పనిముట్టుతో సవరించి, సరియైన ఇరుసును బిగించుటయే మార్గము. కాని అంతటి పనికి పూనుకొనుటకు ముందు, తేమ చేసిన తప్పును నీటిచేతనే దిద్దించుట తెలివైన ఉపాయము.