మామూలు అన్నా లంచమే

ఆత్రేయపురం పూతరేకులకు పెట్టింది పేరు. వేడి కుండ మీద పలచగా రేకు తీస్తారు. నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడత పెడతారు. అదే బెల్లాన్ని ఊరబెట్టి బట్టీ పెడితే సారా అవుతుంది. పూతరేకులు చేస్తే వ్యాపారం. సారా కాస్తే నేరం. ఏది నేరమో చెప్పేముందు చట్టం మాటలకు అర్థాలు చెబుతుంది. ఆ అర్థాలు మనకూ తెలియాలి.

మద్యం అంటే ఏమిటి?

మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజు చట్టం ఉంది. దాని ప్రకారం మద్యం అంటే బ్రాందీ, విస్కీ మాత్రమే కాదు. బీరు, సారా, కల్లు కూడా అందులోకి వస్తాయి. మద్యం అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. లైసెన్సు అంటే ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఎవరి పేర ఇచ్చారో వారికే, ఏ షాపుకు ఇచ్చారో ఆ షాపుకే అది చెల్లుతుంది. అక్కడ సీసాలు కొని కిళ్లీ కొట్లో అమ్మితే అది బెల్టు షాపు. దానికి లైసెన్సు లేదు. అది నేరం.

ఒకప్పుడు సారా అమ్మే హక్కును ప్రభుత్వమే వేలం వేసేది. ఎక్కువకు పాడినవాడే కంట్రాక్టరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో చదువుకున్నారు. ఒక్కటై ఊళ్లో సారా ఆపించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. సారా మీద నిషేధం మాత్రం ఎత్తెయ్యలేదు.

లంచం అంటే ఏమిటి?

దీనికి 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ఉంది. ప్రభుత్వ ఉద్యోగి తనకు చట్టప్రకారం రావలసింది కాక, పని చేయడానికో, చూసీ చూడనట్టు ఊరుకోడానికో ఏది తీసుకున్నా లంచమే. డబ్బే కానక్కరలేదు. మామిడిపళ్ల బుట్టయినా లంచమే. మామూలు అన్నా, టీ ఖర్చులు అన్నా లంచమే.

తీసుకున్నవారికి 3 నుంచి 7 ఏళ్లు జైలు, జరిమానా పడతాయి. 2018 సవరణ తర్వాత ఇచ్చినవారికీ 7 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. మరి బలవంతాన ఇవ్వాల్సి వస్తే? ఇచ్చిన 7 రోజుల లోపల పోలీసులకో, ఏసీబీకో చెప్పాలి. అలా చెబితే శిక్ష ఉండదు. ఇవ్వకముందే చెబితే ఇంకా మంచిది. ఏసీబీ ఫోను నంబరు 1064.

కాగితం రాసుకుంటే చెల్లుతుందా?

"బెల్టు షాపులో వాటా ఇస్తాం, డబ్బు పెట్టు. మామూళ్లు మేం చూసుకుంటాం" అని ఎవరో అన్నారనుకుందాం. ఇంటాయన మాట విని ఇంటావిడ డ్వాక్రా అప్పు తెచ్చింది. స్టాంపు కాగితం మీద సంతకం పెట్టింది. ఇద్దరు సాక్షులు కూడా పెట్టారు. అయినా ఆ కాగితం చెల్లదు. చట్టం వద్దన్న పని కోసం చేసుకున్న ఒప్పందం ఒప్పందమే కాదని 1872 నాటి కంట్రాక్టు చట్టం చెబుతోంది. అవతలివాడు డబ్బు ఎగ్గొడితే, ఆ కాగితం చూపించి కోర్టులో వాటా అడగలేదు. పైగా ఆమె మీదే కేసు రావచ్చు. డ్వాక్రా అప్పు మాత్రం ఆమే కట్టాలి.

అందుకే సంతకం పెట్టేముందు కాగితం చదవండి. చదవడం కష్టమైతే నమ్మకమైన వారితో చదివించుకోండి. ఈ మూడు అడగండి.

1. ఈ పనికి లైసెన్సు కావాలా? ఉంటే ఎవరి పేర ఉంది?
2. ఈ డబ్బుకు రసీదు ఇస్తారా?
3. ఈ పని నలుగురిలో చెప్పుకోగలమా?

జవాబు సరిగ్గా రాకపోతే సంతకం పెట్టకండి.