చేతికి తగిన పిడి

కొడవలి పిడి చేతికి సన్నముగా తోచినచో కోతకు వచ్చినవాడు దానికి గుడ్డపేలిక చుట్టుకొనును. గొడ్డలికిగాని పారకుగాని క్రొత్త పిడి చెక్కు వడ్రంగి, పని ముగియకముందే దానిని పట్టువాని చేతికి ఒకమారు ఇచ్చి చూచును. క్రికెట్టు ఆటగాండ్రలో పెద్దచేతులవారు బ్యాటు పిడికి ఒకదానిపై నొకటిగా రెండు రబ్బరు తొడుగులు ఎక్కించుకొనుట కలదు. పనిముట్టు చేతికి ఒదుగవలెనే కాని చేయి పనిముట్టుకు ఒదుగరాదను తెలివి చాల పాతది. పిస్తోలు విషయములో మాత్రము ఈ తెలివి ఆలస్యముగా ప్రవేశించినది. కర్మాగారములో ఒకే అచ్చున వేలకొలది తయారగు ఆయుధమునకు ఒకే పిడి యుండును. దానిని పట్టు చేతులు మాత్రము నానా విధములు. కొడవలి పిడి సరిపోకున్న అరచేయి బొబ్బలెక్కును, దోషమెక్కడ నున్నదో వెంటనే తెలియును. పిస్తోలు పిడి సరిపోకున్న గురి తప్పును. అది తన అభ్యాసలోపమే యని నేర్చుకొనువాడు నమ్మును; ఒక్కొక్కప్పుడు శిక్షకుడును నమ్మును.

ఈ తప్పు ఎంత చిన్న కొలతలలో పుట్టునో లెక్కవేసి చూడవచ్చును. ఒలింపిక్ క్రీడలలోని 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో లక్ష్యము నడుమనుండు పది మార్కుల వలయము వ్యాసము 11.5 మిల్లీమీటర్లు మాత్రమే, చొక్కా బొత్తామంత. పిస్తోలుపై వెనుక ఒక గాడియు, ముందు ఒక చిన్న పలకయు ఉండును. ఈ రెంటిని కంటికి ఒకే వరుసలోనికి తెచ్చుటయే గురిచూచుట. గాడికిని పలకకును నడుమ దూరము 35 సెంటీమీటర్లు అనుకొన్నచో, లక్ష్యము 1000 సెంటీమీటర్ల దూరమున నున్నది గనుక, సరూప త్రిభుజముల సూత్రము చొప్పున పలక గాడిలో అర మిల్లీమీటరు ప్రక్కకు జరిగినపుడు గుండు లక్ష్యముపై 0.5 × 1000 ÷ 35, అనగా 14 మిల్లీమీటర్లకు పైగా ప్రక్కకు పోవును. పది మార్కుల వలయపు వ్యాసార్ధమో, ఆరు మిల్లీమీటర్లకు లోపే.

ఆ అర మిల్లీమీటరు ఎక్కడినుండి వచ్చును? చాలవరకు ట్రిగ్గరును నొక్కు క్షణముననే వచ్చును. చూపుడువ్రేలు ట్రిగ్గరును గొట్టము వెంబడి తిన్నగా వెనుకకు నొక్కవలెను. వ్రేలి మొదటి కణుపు ముందరి మెత్తని భాగము ట్రిగ్గరుపై ఆనినపుడు ఇది సుకరము. పెద్దచేయి గలవాడు చిన్న పిడిని పట్టినపుడు వ్రేలు అవసరమునకు మించి లోనికి దూరిపోవును. ట్రిగ్గరు కణుపు మడత దాటి రెండవ కణుపుకు చేరువగా ఆనును. అపుడు వ్రేలు కొక్కెమువలె వంగి, వెనుకకు లాగుటతోపాటు ప్రక్కకుకూడ లాగును. 25 మీటర్ల పిస్తోలు పోటీలో ట్రిగ్గరు 1000 గ్రాముల బరువునకైనను తట్టుకొని నిలువవలెనని నియమము. ఆ బలము గొట్టపు దిశనుండి 10 డిగ్రీలు ప్రక్కకు తొలగినదనుకొన్నచో, ప్రక్కకు పనిచేయు భాగము 1000 × సైన్ 10°, అనగా సుమారు 174 గ్రాములు. చాచిన ఒంటిచేతితో పట్టిన పిస్తోలుపై ప్రక్కనుండి అంత బలము తగిలినపుడు అది కదలక నిలుచుట ఎట్లు?

పెద్దచేయి అనగానే చిన్నచేతిని భూతద్దములో చూచినట్లని భావింపరాదు. ఇద్దరి అరచేతుల వెడల్పు ఒకటే కావచ్చును; ఒకరి వ్రేళ్లు పొడవుగా నుండవచ్చును. మరొకరి వ్రేళ్లు పొట్టివియై అరచేయి దళసరిగా నుండవచ్చును. పిస్తోలు పిడికి ముఖ్యమైన కొలత, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న సందునుండి చూపుడువ్రేలి మొదటి కణుపు ముందరి మెత్తదనము వరకు గల దూరము. ఆ తరువాతిది నాలుగు వ్రేళ్లకు అడ్డముగా అరచేతి వెడల్పు. తరగతిలో ఒక స్కేలుతోను నూలుదారముతోను ఈ రెండు కొలతలను విద్యార్థులందరివద్ద తీసి, గ్రాఫు కాగితముపై ఒకదానికెదురుగా ఒకటి గుర్తించినచో చుక్కలు ఒక సరళరేఖపై నిలువవు, చెదరియుండును. ఆ చెదరుటయే పిడి తయారుచేయువాని కష్టము.

పట్టు బలమునకు సంబంధించిన మరియొక సంగతి కలదు. వైద్యులు పిడికిలి బలమును కొలుచుటకు వాడు ఒక పరికరమునకు పిడిని అయిదు వెడల్పులలో అమర్చుకొను వీలుండును. చాలమంది అత్యధిక బలమును చూపునది రెండవ లేక మూడవ అమరికవద్దనే. మిక్కిలి ఇరుకైన దానివద్దను, మిక్కిలి వెడల్పైన దానివద్దను బలము తగ్గును. కండరము మరీ కుంచించుకొన్నను, మరీ సాగినను దాని శక్తి తగ్గుటయే ఇందుకు కారణము. సన్నని పిడిపై పెద్దచేతి వ్రేళ్లు పూర్తిగా ముడుచుకొని, కొనలు అరచేతిలోనే గ్రుచ్చుకొనును. పట్టు సడలినట్లు తోచుటచే కాల్చువాడు మరింత బిగించును. బిగించినకొలది చేయి వణకును.

ఈ ఇబ్బంది పాతదే. అమెరికాలో 1873లో వచ్చిన కోల్ట్ రివాల్వరు పిడి, అంతకు పూర్వము 1851లో నౌకాదళము పేర వచ్చిన రివాల్వరు పిడి కొలతలోనిదే; నాగలి మేడివలె వంగియుండును. పెద్దచేయి గలవాడు దానిని పట్టినపుడు చిటికెనవ్రేలికి చోటుండదు. కొందరు ఆ వ్రేలిని పిడి అడుగున మడిచియుంచుటకు అలవాటుపడిరి. అదే కంపెనీ 1860లో సైన్యముకొరకు చేసిన రివాల్వరు పిడి దానికంటె కొంచెము పొడవైనది. దాని పిడిచట్రమును స్వల్పపు మార్పులతో 1873 నాటి రివాల్వరుకు తగిలించవచ్చును గనుక, పెద్దచేతులవారు అట్లు మార్చుకొనుట నేటికిని కలదు. చిటికెనవ్రేలికి చోటు చిక్కుటయే ఆ మార్పు ఫలము.

తరువాత వచ్చిన రివాల్వర్లలో చిక్కు మరొకచోట తలయెత్తినది. ట్రిగ్గరు చుట్టునుండు కమ్మికిని పిడి ముందంచునకును నడుమ ఖాళీ మిగులును. నడిమివ్రేలు ఆ ఖాళీలోనికి పోయి కమ్మి అడుగున ఆనును. గుండు వెలువడినపుడు కమ్మి వచ్చి కణుపును కొట్టును. ఆ ఖాళీని ఒక చిన్న లోహపు దిమ్మెతోగాని రబ్బరు ముక్కతోగాని పూడ్చినచో చేయి దిగువకు సర్దుకొని, పిడి చుట్టుకొలతకూడ పెరుగును. ఇంతకంటె చౌకయైన సవరణ మరియొకటి లేదనవచ్చును. సైకిలు ట్యూబు ముక్కను పిడికి తొడిగి తృప్తిపడువారును కలరు. చేయి జారకుండుటకు అది పనికివచ్చును కాని వ్రేలి దూరమును సరిచేయుటకు చాలదు.

తుపాకి వెనుకకు తన్నుటలోకూడ పిడికి పాత్ర కలదు. గొట్టము చేతికంటె పైన నుండును గనుక తన్ను బలము చేతిచుట్టు తిరుగు భ్రామకమును కల్పించి కొనను పైకెత్తును. చేయి ఎంత పైకి పట్టిన ఆ భ్రామకము అంత తగ్గును. 1955 ప్రాంతమున వెలువడిన .44 మాగ్నం వంటి బలమైన రివాల్వర్లకు పెద్ద కొయ్యపిడులు అమర్చుటలో ఇంకొక లాభము కూడ ఉన్నది. తన్ను బలము అంతే యైనను ఆనుకొను వైశాల్యము పెరుగును. పీడనము బలమును వైశాల్యముతో భాగించగా వచ్చునది గనుక అరచేతికి తగులు దెబ్బ మృదువగును.

అయితే చేతిని ఎంతవరకైనను పైకి జరుపవచ్చునా? జాన్ బ్రౌనింగు రూపొందించగా అమెరికా సైన్యము 1911లో స్వీకరించిన పిస్తోలు దీనికి జవాబు చెప్పినది. దానిలో హామరు వెనుకకు పడునపుడు, కండగల చేతులవారి బొటనవ్రేలి సందు దానికిని పిడి వెనుకనుండు లోహపు నాలుకకును నడుమ చిక్కి నలిగెడిది. మొదటి ప్రపంచయుద్ధపు అనుభవము తరువాత, 1920ల నడుమ, దానిని సవరించి 1911-ఎ1 అని పేరు పెట్టిరి. ఆ నాలుకను పొడిగించిరి. అది పెద్దచేతులవారికి ఉపకారము. అదే సవరణలో ట్రిగ్గరును పొట్టిచేసి, దాని వెనుక చట్రమును ఇరువైపుల కొంత గీకిరి, అది చిన్నచేతులవారికొరకు. ఆ విధముగా ఒకే ఆయుధములో ఇరువురికిని న్యాయము చేయబోయిరి కాని, పొడవైన వ్రేళ్లవారికి క్రొత్త ట్రిగ్గరు మరీ దగ్గరైనది. లక్ష్యభేద క్రీడాకారులలో అనేకులు పిమ్మట పొడవైన ట్రిగ్గరును మరల అమర్చుకొనిరి. నాలుకను ఇంకను వెడల్పుచేసి పైకి వంచిన రూపమునకు బీవరు తోక యను పేరు వచ్చినది.

రైఫిళ్ల విషయములో సైన్యములు ఈ పాఠమును ముందుగానే నేర్చినవి. భారతదేశమున ఈషాపూర్ కర్మాగారములో తయారై, పోలీసుల భుజములపై దశాబ్దములు కనిపించిన .303 లీ-ఎన్‌ఫీల్డు రైఫిలుకు కొయ్యమడమలు వేర్వేరు పొడవులలో ఉండెడివి. ఒక్కొక్కదానికి తేడా అర అంగుళము. పొడవుదానిపై ఎల్ అనియు, పొట్టిదానిపై ఎస్ అనియు అక్షరము కొట్టబడియుండెడిది. పిస్తోలులో అట్టి ఏర్పాటు కర్మాగారమునుండియే వచ్చుటకు చాలకాలము పట్టినది. 1990ల చివర జర్మనీలో వాల్థర్ పి99 పిస్తోలు పిడి వెనుకభాగమును మార్చుకొను పలకలతో వెలువడినది. 2010లో గ్లాక్ నాల్గవ తరము పిస్తోళ్లకును అట్టి పలకలు వచ్చినవి. 2017లో అమెరికా సైన్యము ఎన్నుకొన్న పిస్తోలులో పిడి మొత్తము ఒక తొడుగు. చిన్నది, నడిమిది, పెద్దది యని మూడు కొలతలలో లభించును.

పిడిని చేతికి అచ్చుగుద్దినట్లు చేయు విద్య మాత్రము క్రీడారంగమున పండినది. అక్రోటు కొయ్యతో చేసిన పిడులు అరచేతి వెడల్పునుబట్టి వేర్వేరు కొలతలలో దొరకును. కొన్న పిడి చాలనిచోట కొయ్యలప్పము పూసి, అది పచ్చిగా నుండగనే నూనె రాచిన చేతితో పట్టి అచ్చు తీసికొందురు. ఎక్కువైనచోట ఆకురాయితో గీకుదురు. అరచేతి అంచు క్రింద ఒక చిన్న అరుగు మరలతో పైకి క్రిందికి జరుగును. ఇది పెద్దచేతికి మిక్కిలి ముఖ్యము. అరుగు మరీ పైనున్నచో అరచేయి నొక్కుకొని సందు పై నాలుక క్రిందికి చేరదు. నియమములును కలవు. ఎయిర్ పిస్తోలు పిడితోసహా 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టవలెను. పిడి మణికట్టును తాకరాదు. దళసరి చేయి గలవాడు పిడిని ఎంత ఉబ్బించదలచినను ఆ 50 మిల్లీమీటర్లు దాటరాదు. 50 మీటర్ల పోటీలో చేతినంతటిని చుట్టు పిడినిసైతము అనుమతించెడివారు. 2016 తరువాత ఆ పోటీ ఒలింపిక్సులో లేదు.

ఇట్టి పిడి కుడిచేతిదైన ఎడమచేతికి పనికిరాదు, ఎడమచేతిదైన కుడిచేతికి పనికిరాదు. హంగరీ సైనికుడు కారొయ్ తకాచ్ కుడిచేయి 1938లో చేతిబాంబు పేలి నుగ్గయినది. అతడు ఎడమచేతితో మొదటినుండి సాధనచేసి, 1948లో లండనులోను 1952లో హెల్సింకీలోను ఒలింపిక్ స్వర్ణపతకములు గెలిచెను. హైదరాబాదు యువతి ఈషా సింగు 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో పిస్తోలు పతకములు గెలిచిన పిమ్మట ఈ క్రీడ తెలుగునాట బాలబాలికలకు మరింత చేరువైనది. శిక్షణశాలలలో నేర్చుకొనువారందరు తరచు ఒకే పిస్తోలును మార్చి మార్చి పట్టుదురు. పదునాలుగేండ్ల బాలిక చేతికి సరిపోయిన పిడి, ఆమె ప్రక్కన నిలిచిన ఆరడుగుల బాలునికి సరిపోవునని ఆశింపరాదు.

పిడి పెద్దదైనకొలది మేలను భ్రమయు తగదు. మితిమీరి లావైన పిడిపై వ్రేలు ట్రిగ్గరును కొనతో మాత్రమే అందుకొని దానిని ఎదుటి ప్రక్కకు నెట్టును. సరిపోయినదో లేదో తెలిసికొనుటకు శిక్షకులు ఒక సులభ పరీక్ష చేయింతురు. పిస్తోలులో గుండు లేదని రెండుమార్లు చూచి, లక్ష్యమున కెదురుగా నిలిచి, కన్నులు మూసికొని చేయి ఎత్తవలెను. ఊపిరి నిలిపి, పిదప కన్నులు తెరవవలెను. ముందు పలక గాడి నడుమనే యున్నచో పిడి చేతికి తగినది. కుడికిగాని ఎడమకుగాని జరిగియున్నచో మణికట్టును వంచి సరిచేయరాదు. పిడిపై ఆ ప్రక్కన పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆకురాయితో ఒకటి రెండు గీతలు మాత్రమే గీకి, మరల కన్నులు మూసి చేయి ఎత్తవలెను.