ఇప్పపువ్వు లేని ప్రశ్నపత్రం

వాసన పరీక్షల్లో పేరున్నది 1984లో అమెరికాలో రిచర్డ్ డోటీ బృందం తయారుచేసిన 40 ప్రశ్నల పుస్తకం. అందులోని వాసన పట్టీని గోకి, వాసన చూసి, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. మగవాళ్లకు కనీసం 34, ఆడవాళ్లకు కనీసం 35 వస్తే ముక్కు బాగున్నట్టే.

ఈ పుస్తకాన్ని బస్తర్‌లోని గీదం తీసుకెళ్లామనుకోండి. ఆరబోసిన ఇప్పపువ్వుకు బూజు పట్టిందో లేదో, జీలుగు కల్లు ఎంత పులిసిందో వాసనతోనే చెప్పగల పెద్దావిడ ముందు పెట్టాం. అందులో రూట్ బీర్, పంప్‌కిన్ పై, డిల్ పికిల్ ఉంటాయి. ఆమె ఎరగని వాసనలు పది అనుకుందాం. మిగతా 30 తప్పు లేకుండా చెప్పినా, ఆ పదిలో గుడ్డిగా తగిలేవి రెండో మూడో. మొత్తం 32, 33. అంటే ‘స్వల్ప లోపం’ అని రాసేస్తారు! లోపం ప్రశ్నపత్రానిది.

ఇలాంటి పరీక్షతో అల్జీమర్స్‌ ముప్పును ముందే పసిగట్టవచ్చన్న ఆశ ఉంది. అసలు అల్జీమర్స్‌కూ ముక్కుకూ లంకె ఏమిటి? వాసన కబురు మెదడులో ఎంటోరైనల్ కార్టెక్స్ అనే చోటికి దగ్గరి దారిన చేరుతుంది. జ్ఞాపకాలకు అదే గుమ్మం. ఈ జబ్బులో టావ్ ప్రోటీన్ చిక్కులు పడటం ఆ చుట్టుపక్కలే మొదలవుతుందని 1991లో బ్రాక్ దంపతులు చూపించారు. షికాగోలో 589 మంది వృద్ధులను ఐదేళ్ల వరకు గమనించి 2007లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 177 మందికి జ్ఞాపకశక్తి, ఆలోచన కొంత మందగించాయి. మొదట పెట్టిన 12 వాసనల పరీక్షలో నాలుగు తప్పినవారికి, ఒక్కటే తప్పినవారి కంటే ఆ ముప్పు 50 శాతం ఎక్కువ.

అలాగని ముక్కు పనిచేయని ప్రతివారికీ ఈ జబ్బు అంటగట్టలేం. విస్కాన్సిన్‌లో 53 నుంచి 97 ఏళ్లవారు 2,491 మందిని పరీక్షిస్తే 24.5 శాతానికి వాసన మందగించింది. 80 దాటినవారిలో 62.5 శాతానికి. తమకు తేడా ఉందని స్వయంగా చెప్పినవారు 9.5 శాతమే. కాబట్టి ‘నాకేం, బాగానే తెలుస్తోంది’ అన్న మాటను నమ్ముకోలేం. వయసు, సైనస్, పొగాకు, కోవిడ్, పార్కిన్సన్స్ కూడా వాసనను దెబ్బతీస్తాయి. పల్లీ వెన్న వాసనతో అల్జీమర్స్‌ను పట్టేయవచ్చంటూ 2013లో ఫ్లోరిడా నుంచి వచ్చిన పరీక్షకు తెగ ప్రచారం జరిగింది. మరుసటేడే పెన్సిల్వేనియాలో చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు.

మన దేశంలో 60 దాటినవారిలో డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) 7.4 శాతమని అంచనా. పట్టణాల్లో 5.3, పల్లెల్లో 8.4. అవసరం ఎక్కువున్నది పల్లెల్లోనే. గీదంలో పరీక్ష పెట్టాలంటే ముందు అక్కడే ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఇప్పపువ్వు, చింతపండు, గుగ్గిలం, ఉల్లి, కిరసనాయిలు చూపించి, వారిలో దాదాపు అందరూ పోల్చుకున్నవాటినే ఉంచాలి. పాస్ మార్కు కూడా వాళ్ల జవాబుల నుంచే కట్టాలి.