తోటలో తీరిక ఎంత, ఆటకు పట్టేదెంత?

ఏప్రిల్ వచ్చిందంటే నూజివీడు చుట్టుపక్కల తెల్లారకముందే తోటల్లో అలికిడి మొదలవుతుంది. ఎండ ముదిరేలోగా కాయ దించాలి. ఒకరు చిక్కం కట్టిన గెడతో కోస్తుంటే, ఇంకొకరు సొన కాయకు అంటకుండా తొడిమ తుంచుతారు. కాయ లోడెక్కాకే ఊపిరి తీసుకునేది. ఇక లారీ వచ్చేదాకా, నున్న మార్కెట్‌లో తమ వంతు వచ్చేదాకా, రాత్రి కాపలా గుడిసెలో కన్ను మూతపడేదాకా దొరికిందే తీరిక. ఇక్కడ పావుగంట, అక్కడ అరగంట. ఒకప్పుడు ఆ కాస్త సేపు చింతగింజలతో అష్టాచెమ్మా ఆడుకునేవారు. ఇప్పుడు ఆ చోటికి ఫోన్‌లో ఆటలు వచ్చాయి.

"ఎంతసేపురా ఆ ఆట?" అని ఇంట్లో పెద్దలు అడుగుతారు. అడగాల్సిందే. అయితే దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది మరొకటి ఉంది: ఈ ఆటను మధ్యలో ఆపితే ఏమవుతుంది?

బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా సంగతే తీసుకుందాం. ఎరాంగెల్ అనే పెద్ద మ్యాప్‌లో 100 మంది దిగుతారు. చివరిదాకా నిలిస్తే ఒక్క మ్యాచ్‌కు దాదాపు అరగంట. జట్టులో నలుగురు. లారీ హారన్ విని ఒకరు లేచిపోతే మిగతా ముగ్గురి ఆట చెడుతుంది. అందుకే కుర్రాడు "ఒక్క నిమిషం" అంటాడు, ఆ నిమిషం ఎప్పటికీ తెమలదు. అదే ఆటలో నలుగురికి నలుగురు తలపడే టీమ్ డెత్‌మ్యాచ్ పది నిమిషాల్లో ముగిసిపోతుంది. పావుగంట తీరిక ఉన్నవాడికి సరిపోయేది అదే. 2023 మేలో ఈ ఆట మన దేశంలోకి తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటలు, మిగతావారికి 6 గంటలు అని హద్దు పెట్టారు. మామిడి సీజన్‌లో రోజుకు ఆరు గంటల తీరిక ఎవరికుంటుంది? అలాంటి హద్దు తోటలో పనిచేసే మనిషికి అక్కరకు రాదు.

వ్యవసాయం చుట్టూ అల్లిన ఆటల్లో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. 2009లో ఫేస్‌బుక్‌లో మొదలైన ఫామ్‌విల్‌లో స్ట్రాబెర్రీ నాటితే నాలుగు గంటల్లో పంట చేతికొచ్చేది. సకాలంలో వచ్చి కోయకపోతే వాడిపోయేది. దాంతో పనివేళల్లోనూ, రాత్రిళ్లూ కూడా మనసు అటే లాగేది. గాలివాన ఎప్పుడు వస్తుందో, కాయ ఎక్కడ రాలిపోతుందో అని నిజం తోటలో రైతు పడే బెంగనే ఆ ఆట తెచ్చి ఫోన్ ముందు కూర్చున్నవారికి అంటగట్టింది. 2020 డిసెంబర్ 31న దాన్ని మూసేశారు. 2012లో ఫిన్లాండ్ సంస్థ సూపర్‌సెల్ తెచ్చిన హే డేలో గోధుమ రెండు నిమిషాల్లో పండుతుంది, ఎన్నాళ్లు వదిలేసినా వాడదు. రెండూ పొలం ఆటలే. ఒకటి మనిషిని పరుగెత్తించేది, రెండోది మనిషి వచ్చేదాకా కాచుకుంటుంది.

మామిడి సీమవాళ్లకు ముచ్చటగొలిపే ఆట ఇంకొకటి ఉంది. ఎరిక్ బెరోన్ అనే అమెరికన్ నాలుగేళ్లకు పైగా ఒంటరిగా శ్రమించి 2016లో విడుదల చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ. అందులో ఒక రోజంటే మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. ఆటలోని మనిషి పడుకోగానే అప్పటిదాకా చేసిందంతా భద్రమవుతుంది, కాబట్టి ఫోన్ పక్కన పెట్టడానికి అదే చక్కని చోటు. తర్వాతి మార్పుల్లో ఆ ఆటలోకి మామిడి మొక్క కూడా వచ్చింది. నాటిన 28 రోజులకు అది చెట్టవుతుంది, వేసవిలో రోజుకో కాయ ఇస్తుంది. ఆ 28 రోజులు లెక్క వేస్తే మన గంటల్లో ఆరున్నర పైచిలుకు. నూజివీడు రైతు చిన్న రసాల అంటు నాటితే నాలుగైదేళ్లకు గాని చెప్పుకోదగ్గ కాపు చూడడు.

ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకునే ఈ సదుపాయం కొత్తదేమీ కాదు. 1986లో జపాన్‌లో వచ్చిన ద లెజెండ్ ఆఫ్ జెల్డా ఆటను సగంలో దాచుకుని మర్నాడు కొనసాగించే వీలు ఇచ్చింది. పెద్ద కథ ఉన్న ఆటను కూడా చిన్న చిన్న వాయిదాల్లో ముగించవచ్చని చాలామందికి తెలిసింది అలాంటి ఆటల వల్లే.

ఆగినట్టే కనిపించి పిలుస్తూ ఉండేవి వేరే ఉన్నాయి. క్యాండీ క్రష్‌లో ఐదు ప్రాణాలు అయిపోతే ఆట ఆగుతుంది. అరగంటకో ప్రాణం తిరిగొస్తుంది, ఫోన్‌లో కబురు కూడా వస్తుంది. నోటిఫికేషన్ ఆపేసుకుంటే మళ్లీ ఎప్పుడు తెరవాలన్నది ఆడేవారి ఇష్టానికి వస్తుంది. చిన్న పనే, కానీ చాలామంది చేయరు.

పదో తరగతి కాగానే చేరి ఆరేళ్లు హాస్టల్‌లో ఉండి చదివే నూజివీడు ట్రిపుల్ ఐటీ విద్యార్థుల తీరిక మరో రకం. అది పరీక్షలైపోయాక ఒక్కసారిగా వచ్చిపడుతుంది. అరగంట మ్యాచ్‌లకైనా, పెద్ద కథల ఆటలకైనా అప్పుడు చోటుంటుంది. పరీక్షల వారంలో మాత్రం 14 నిమిషాల రోజు ఒకటి చాలు.

జూన్ దాటితే తోటలు బోసిపోతాయి. కాపలా గుడిసెలు ఖాళీ అవుతాయి, కుర్రాళ్లు వేరే పనుల్లో పడతారు. వాళ్లలో ఎవరైనా ఫోన్‌లో మామిడి మొక్క నాటి ఉంటే, దసరాకు తెరిచినా సంక్రాంతికి తెరిచినా, ఆపిన రోజు మర్నాటి ఉదయం నుంచే అది మళ్లీ ఎదుగుతుంది.