డాల్ఫిన్స్ నోస్ దీపం బోథ్‌కు కనిపించాలంటే

మా బోథ్ పక్కన కురిసిన వాన కడెం వాగులో పడి, కుంటాల దగ్గర దూకి, గోదావరిలో కలిసి చివరికి సముద్రం చేరుతుంది. ఆ సముద్రపు ఒడ్డున వెలిగే లైట్‌హౌస్ వెలుగు మాత్రం తిరిగి మన దాకా రాదు. దీపం చాలక కాదు, భూమి గుండ్రంగా ఉండబట్టి.

విశాఖపట్నంలో సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండను డాల్ఫిన్స్ నోస్ అంటారు. దాని మీది లైట్‌హౌస్‌ను 1957లో కట్టారు. దీపానికి కొండెక్కే పని ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. ఎత్తును మీటర్లలో తీసుకొని, వర్గమూలం కట్టి, 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరమో వస్తుంది. ఒడ్డున నిలబడ్డ మనిషికి అది 4 కిలోమీటర్ల పైచిలుకే. 100 మీటర్ల ఎత్తున్న దీపానికి దాదాపు 36. ఓడ మీద 9 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి ఇంకో 11 కిలోమీటర్ల దాకా కలిసొస్తాయి. గాలి పొరలు కాంతిని కాస్త వంచుతాయి కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే కనిపిస్తుంది. అయితే దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు పెరగాలి. అంత స్తంభం కట్టడం కన్నా ఉన్న కొండను వాడుకోవడమే తెలివి.

మరి విశాఖ నుంచి సుమారు 550 కిలోమీటర్ల దూరంలో ఉన్న బోథ్ సంగతి? మధ్యలో కొండలు లేవనుకుందాం, మన ఊరూ సముద్రమట్టానే ఉందనుకుందాం. అప్పటికీ దీపం దాదాపు 24 కిలోమీటర్ల ఎత్తున ఉండాలి. అంటే ఎవరెస్టుకు రెండున్నర రెట్ల పైన!

ఎత్తు ఒక్కటే చాలదు. దీపం వెలుగు నలువైపులా చెదిరిపోతుంది, ఆకాశానికీ నేలకూ పోయింది ఓడకు దండగే. దాన్ని ఒక్క దిక్కుకు మళ్ళించాలంటే పెద్ద కటకం కావాలి, అంత మందం గాజు మోయలేనంత బరువు. ఫ్రాన్సుకు చెందిన ఫ్రెనెల్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. కాంతిని వంచేది గాజు ఉపరితలమే కాబట్టి, లోపలి మందాన్ని తీసేసి, ఆ వంపులనే మెట్లు మెట్లుగా వలయాల్లో పేర్చాడు. 1823లో కోర్డువాన్ లైట్‌హౌస్‌లో ఆ కటకం తొలిసారి వెలిగింది. నా దృష్టిలో ఆవిరి యంత్రానికి ఇచ్చినంత గౌరవం దీనికీ ఇవ్వాలి. ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్కలేదు.

మెరుపుల వరసే లైట్‌హౌస్‌కు పేరు. ఎన్ని సెకన్లకు ఎన్నిసార్లు మెరుస్తుందో చూసి, అది ఏ రేవో నావికుడు పట్టికలో పోల్చుకుంటాడు.

డాల్ఫిన్స్ నోస్ నౌకాదళం ఉండే చోటు. ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి వెళ్ళనివ్వరు, సందర్శన వేళలు తక్కువ. విశాఖ వెళ్ళే మన పిల్లలు ముందే కనుక్కొని, గుర్తింపు కార్డు వెంట తీసుకెళ్ళండి. వీలు కాకపోతే నిరాశపడకండి. చీకటి పడ్డాక రామకృష్ణ బీచ్‌లో నిలబడి దక్షిణం వైపు కొండను చూడండి. ఒక మెరుపుకూ మరో మెరుపుకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి, నోటుపుస్తకంలో రాసుకొని తీసుకురండి.